కాలినడకయు పుణ్యమును

శ్రీశైలమునకు నేడు కాలినడకను పోవలసిన యవసరము లేదు. దోర్నాల మీదుగా నొక బాట యున్నది. మన్ననూరు మీదుగా నింకొకటి యున్నది. రెండు బాటలను ప్రతిదినము బస్సులు పోవుచున్నవి. హైదరాబాదున నుదయమున బస్సెక్కినవాడు పగటి భోజనమునకు క్షేత్రము చేరుకొనగలడు. అయినను శివరాత్రికిని, ఉగాదికిని వేలకొలది జనులు ఆత్మకూరునకు దాపున నున్న వెంకటాపురము నొద్ద బాట విడిచి నల్లమల యడవిలో బ్రవేశించి, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారము అను మజిలీల మీదుగా సుమారు 40 కిలోమీటర్లు నడచి మల్లికార్జునుని దర్శించుచున్నారు. ఇట్లు నడచుటలో పుణ్యమున్నదా? ఉన్నయెడల నది యెందున్నది? కాలి బొబ్బలోనా, కడుపాకలిలోనా, దారిలోనా, దారి చివర నున్న దేవునిలోనా? ఈ ప్రశ్నను మేము చాలకాలము పడకకుర్చీలో గూర్చుండి విచారించితిమి. గడచిన యుగాదికి ముందొక దినమున కాళ్లమీద నిలిచి విచారింపవలసి వచ్చెను. ఆ విచారణలో మేము వాదిగా బయలుదేఱి ముద్దాయిగా తిరిగి వచ్చితిమి. ఆ కథను చదువరులకు జెప్పుకొనుటయే యీ వ్యాసమునకు బ్రయోజనము.

మేము తీర్థయాత్రలయందు గౌరవము గలవారము కాము. ఈ సంగతి మా పాత చదువరు లెఱుగుదురు. దేవుడు సర్వాంతర్యామి యైనచో నాతనిని జూచుటకు కొండ యెక్కనేల యన్న పాతప్రశ్నను మేమును పలుమాఱు వేసితిమి. అప్పుచేసి యాత్రకు బోయివచ్చి, వడ్డీ కట్టుకొనలేక యేడ్చిన కుటుంబములను జూచితిమి. ఉత్సవములనుండి విషూచిని గ్రామములకు మోసికొనివచ్చిన యాత్రికుల కథలను పెద్దలవలన వింటిమి. కావున మా బాల్యమిత్రుడొకడు, తన కుమారునకు జబ్బు నెమ్మదించినచో నాగలూటి దారిని నడచి వచ్చెదనని మ్రొక్కుకొంటిననియు, ఇప్పుడు నెమ్మదించినదనియు, తోడు రమ్మనియు నడిగినపుడు మేము వానితో రెండు గంటలు వాదించితిమి. కుదిర్చినవాడు వైద్యుడు గదా, మ్రొక్కు మల్లన్నకు జెల్లించుట యెట్లని యడిగితిమి. అతడు వాదమునకు దిగలేదు.

“వైద్యునికి డబ్బిచ్చితిని. మల్లన్నకు నడక యిచ్చెదనంటిని. ఎవరి బాకీ వారిది. నీవు వత్తువా, రావా?” అనెను.

బాకీ యన్న మాటకు మేము లొంగితిమి. ఋణము తీర్చువానిని వలదనుట మా ధర్మమున లేదు.

మొదటి దినము నాగలూటివఱకు నడచి, వీరభద్రుని పాతగుడి చెంత రాత్రి గడపితిమి. నిద్ర పట్టలేదని తప్ప నచ్చటి సంగతి చెప్పవలసినది లేదు. తెల్లవాఱుజామున నాలుగు గంటలకు మా మిత్రుడు లేపెను. అతని పాదములకు చెప్పులు లేవు. మా పాదములకు క్రొత్త బూట్లుండెను. ఇద్దఱికిని గలిపి రెండు లీటరుల నీటిసీసా యొక్కటే. అతనికి చేత కఱ్ఱయు, చంకను గుడ్డలమూటయు నుండుటవలన నీరు మోయుపని మాకు వచ్చెను. సీసాను గుడ్డసంచిలో వేసి భుజమునకు వ్రేలాడగట్టుకొంటిమి. ఈ సీసాను చదువరులు జ్ఞప్తియందుంచుకొనవలెను.

చీకటిలో దారి పొడవునను చేతిదీపముల వరుస. వినబడు మాటలన్నియు కన్నడము. ఉగాదికి ఈ దారిని వచ్చువారిలో కర్ణాటకమువారే మిక్కిలి. భ్రమరాంబను వారు తమ యింటి యాడపడుచుగా నెంచుకొందురు. మూటలలో చీరయు, గాజులును, పసుపు కుంకుమలును దెత్తురు. పుట్టింటివారు కూతును జూడబోవునట్లు పోవుచున్న యా జనమును జూచినపుడు, దేవుడు సర్వాంతర్యామి గదా యన్న మా ప్రశ్న కొంచెము వెలవెలబోయెను. కూతురు మనస్సులోనే యున్నదని చెప్పి కూతు నింటికి బోవుట మానిన తండ్రి యెవడు? కొందఱు యువకులు పొడవైన కొయ్యకాళ్లు కట్టుకొని, ఇరుప్రక్కల నిద్దఱు పట్టుకొనగా, రాళ్లమీద టకటకలాడించుచు బోవుచుండిరి.

“ఇదియు భక్తియేనా?” యని మేము మెల్లగా నంటిమి.

“పైనున్నవానిని జూచుచున్నావు. ప్రక్కన బట్టుకొన్న యిద్దఱిని జూడుము. వారికి మ్రొక్కు లేదు” అని మిత్రుడనెను.

తెల్లవాఱిన పిదప నడవి కనబడెను. ఫాల్గుణాంతమున నల్లమల పచ్చగా నుండునని తలచువారు పోయి చూడవలెను. ఏపి, నల్లమద్ది, తునికి చెట్లు ఆకు రాల్చి బూడిదవన్నెతో నిలుచుండెను. నడుమ నడుమ నొక మోదుగు మాత్రము ఎఱ్ఱగా బూచియుండెను. అడుగు వేసినప్పుడెల్ల నెండుటాకు గలగలమనుచుండెను. ఈ యడవి 1983వ సంవత్సరమునుండి పులుల సంరక్షణ కేర్పడిన ప్రదేశములలో జేరినది. యాత్రికులకు దారి యుత్సవదినములలో మాత్రమే తెఱచియుండును. తక్కిన దినములలో నిది పులిది, ఎలుగుది. ఎల్ల దినములలోను చెంచులది.

ఎండ ముదురువఱకు నడక సుఖముగనే సాగెను గనుక మాకు ఆలోచించుటకు తీఱిక చిక్కెను. మా యాలోచన యిది. బస్సు లేని కాలమున శ్రీశైలమునకు నడచుట పుణ్యము కాదు. అది వట్టి దారి. 12వ శతాబ్దమున అక్కమహాదేవి కన్నడదేశమునుండి యీ కొండకు వచ్చెనందురు. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఈ పర్వతమును గూర్చి, దాని యాత్రికులను గూర్చి యొక ప్రకరణమే వ్రాసెను. 14వ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును, అహోబలమునకును మెట్లు కట్టించెను. మెట్లు కట్టించుట యెందులకు? నడచువాని కష్టము తగ్గించుటకే గదా! కష్టమే పుణ్యమైనయెడల మెట్లు కట్టించినవాడు జనుల పుణ్యమును దొంగిలించినవాడు కావలెను. అట్లని యెవరు ననలేదు, అతనిని బొగడిరి. కాబట్టి మన పూర్వులకు దారికష్టము ఓర్చుకొనవలసినదే కాని కోరి తెచ్చుకొనవలసినది కాదు. సుఖము చౌకయైన పిదపనే కష్టమునకు ఇంత వెల వచ్చినది.

అయితే ఈ వెల కట్టు నలవాటు పూర్తిగా క్రొత్తది కాదనియు నొప్పుకొనవలెను. వాహనమెక్కి తీర్థమునకు బోయినవానికి ఫలములో సగము పోవుననియు, పాదరక్షలు తొడిగినవానికి మఱికొంత పోవుననియు ధర్మశాస్త్ర నిబంధములలో లెక్కలున్నవి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెలలో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేఱి, దారిలో ఈ ప్రాంతముననే నడిచి శ్రీశైలమును దర్శించిరి. వారి కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చుపడినది. ఏ యూరిలో నేమి దొరకునో, ఎచ్చట నీరున్నదో, ఏ దారి యెట్లున్నదో యంత శ్రద్ధగా వ్రాసిపెట్టిన తెలుగువాడు ఆ కాలమున మఱియొకడు లేడు. కందనూరి నవాబు యాత్రికులవద్ద పన్ను గుంజుకొనుటయు వ్రాసిరి. నడిచి యని యంటిమి గాని, ఆ మహాయాత్రకు పల్లకీ యుండెను, పల్లకీకి బోయీలుండిరి. ఇప్పుడు శాస్త్రపు లెక్క ప్రకారము అయ్యగారి ఫలములో సగము పోయినదనుకొందము. పోయిన సగము ఎవరి ఖాతాకు జేరెను? మోసినవానికి జేరెనా? వానికి సంకల్పము లేదు, మంత్రము లేదు, కూలి పుచ్చుకొన్నాడు. కావున వానికి రాదని పండితుడు చెప్పును. ఎక్కినవానికి రాక, మోసినవానికి లేక ఆ సగము గాలిలో గలిసెనా? ఈ లెక్కను మిత్రునికి జెప్పి గెలిచినవారమువలె నవ్వితిమి. అతడు కాలిలో దిగిన ముల్లు తీసికొనుచు, “బోయీలకు దాహమైనప్పుడు పల్లకీ దింపించెనా లేదా? నాకైతే అదియే లెక్క” అనెను. మేము నవ్వు మాని నడచితిమి.

దేవుని కష్టముతో గొనవచ్చునన్న నమ్మకము ఎంతదూరము పోగలదో శ్రీశైలాలయమే చూపును. అచ్చట రెడ్డిరాజులలో అనవేమారెడ్డి 14వ శతాబ్దమున వీరశిరోమంటపమును గట్టించెను. వీరభక్తులు తమ నాలుకలను, తలలను దామే కోసి శివునకర్పించుకొనుటకై కట్టిన మంటపమది. కాలి బొబ్బకును, తెగిన తలకును నడుమనున్న భేదము కొలతలోనే గాని జాతిలో లేదని మేము చిరకాలముగా వాదించుచున్నాము. నేటికిని ఆ వాదమును విడువలేదు.

పది గంటలు దాటిన పిమ్మట పెచ్చెరువు చేరితిమి. ఇది చెంచుల గూడెము. గుడారముల క్రింద గంగాళములలో ఉప్పిట్టు, చిత్రాన్నము, మజ్జిగ సిద్ధముగ నుండెను. వడ్డించువారు “ఊట మాడ్రి, ఊట మాడ్రి” అని చేయి పట్టి లాగి కూర్చుండబెట్టిరి. ఏ యూరని గాని, ఏ కులమని గాని యడిగినవాడు లేడు. మా ప్రక్కన నొక కూలివాడు, ఆవలి ప్రక్కన సెల్లుఫోనులో వ్యాపారము మాటలాడుచున్న షావుకారు. సహపంక్తిభోజనమునకై మేము యౌవనమున సభలు చేసి, తీర్మానములు వ్రాసి, భోజనమువేళకు సగముమంది లేచిపోగా జూచినవారము. ఇచ్చట తీర్మానము లేకయే ఆకలి ఆ పని చేయుచుండెను. ఇది చూచి మా మనస్సు కరగిన మాట నిజము. పంక్తి చివర చెంచుపిల్లలు కొందఱు, యాత్రికులు పాఱవేసిన సీసాలను గోనెసంచులలో నేఱుకొనుచుండుట చూచినదియు నిజము. మల్లన్న చెంచుపిల్లను పెండ్లాడెనని వారు చెప్పుకొందురు. ఆ లెక్కను ఆయన వారి యల్లుడు. పూర్వము ఈ యడవిలో యాత్రికులకు దారిచూపి కావలి కాచినవారును వారే. అట్టివారి యూరికి వచ్చి మనవారు మనవారికి అన్నము పెట్టుకొనుచుండగా, వారి బిడ్డలు మన చెత్త యెత్తుచుండిరి. ఒక యవ్వ కేకవేసి పిలువగా పిల్లలు వచ్చి కూర్చుండిరి. పిలిచినది వంటమనిషి యనుకొంటిమి. కాదు, మావంటి యాత్రికురాలే.

రెండు గంటలకు మరల నడక మొదలిడితిమి. ఎండ మండుచుండెను. కొంతదూరము పోవుసరికి మిత్రుని మడమ పగిలి నెత్తురు కారెను. అతడొక బండపై గూర్చుండి గుడ్డ చింపుచు, “నీవు మెల్లగా సాగుచుండుము. నీటిని మాత్రము జాగ్రత్త పెట్టుము. కొలనులోనికి దిగి మరల నెక్కవలెను, అప్పుడు నాకు గావలెను” అనెను. సరేయని మేము ముందునకు బోయితిమి. అప్పటికి సీసాలో పావువంతు, అనగా అరలీటరు నీరుండెను.

ఒక గంట యొంటరిగా నడచితిమి. జనము ముందును, వెనుకను గుంపులుగా విడిపోయిరి. మాకు ముందఱ నెవరును లేరు, వెనుక మలుపువఱకు నెవరును లేరు. అప్పుడొక ఏపిచెట్టు మొదట, ఆ చెట్టు నీడ యన్నది కొమ్మల గీతలు మాత్రమే, ఒక ముసలమ్మ యొఱగి కూర్చుండి యుండెను. ఏబది యేండ్లు కావచ్చును, డెబ్బది కావచ్చును. ఎండలో పనిచేసిన యాడువారి వయస్సు మనకు దెలియదు. ఎఱ్ఱయంచు గల ముదురురంగు ఇలకల్లు చీర, నొసట విభూతి, పాదములకు గోనెగుడ్డ. ప్రక్కన చిన్న మూట. ఆమె చేయి చాపలేదు. గడ్డము మాత్రము కొంచెమెత్తి, “అప్పా, నీరు” అనెను.

కన్నడమున నీరు నీరే. మాకు భాష తెలియలేదని చెప్పుకొను వీలును గూడ ఆ మాట మాకు మిగుల్చలేదు.

ఆగితిమి. మూడు నాలుగు ఊపిరుల కాలము ఆగియుందుము. సీసా సంచిలో నుండెను గనుక అందులో నెంత యున్నదో ఆమెకు గనబడదు. మేము అఱచేయి త్రిప్పి లేదని చూపితిమి. వ్రేలితో ముందునకు జూపి, “ముందున్నది” యంటిమి. ఆమె తల యూచి కన్నులు మూసికొనెను. కోపము లేదు, నింద లేదు. నడచిపోయితిమి. అడుగడుగునకు సంచిలో నీరు గళగళమని చప్పుడు చేయుచుండెను. ఆ చప్పుడు ఇదివఱకు మేము వినలేదు. ఆ చెట్టు దాటిన తరువాత మఱియొకటి వినబడలేదు. ఆమెకు వినబడెనా?

తరువాతి నూఱడుగులలో మా బుద్ధి చేసిన పనిని ఉన్నదున్నట్లు వ్రాయవలెను. ఈ వ్యాసమున మాకు దెలిసిన నిజమిది యొక్కటియే. అది మాకు వకీలుగా నిలిచెను. మొదటి వాదము: ఈ నీరు మాది కాదు, మిత్రుని కొఱకు మా చేతిలో నుంచబడినది; పరుల సొత్తుతో దానము చేయరాదు. చూడుడు, ఎంత చక్కని వాదము! కాలు పగిలినవానికి దాచితిమి గదా! కాని ఆ మిత్రుడు మాతో నుండియుండిన సీసా మా భుజమునుండి లాగి యామె కిచ్చియుండునని యప్పుడే మాకు దెలియును. అతని యాజ్ఞను అడ్డు పెట్టుకొని యతని మనస్సును ద్రోసిపుచ్చితిమి. రెండవ వాదము: ముందొక శిబిరమున్నది. ఉన్నది, నడువగలవారికి. మూడవ వాదము: వెనుక వేలమంది వచ్చుచున్నారు, ఎవరో యొక రిత్తురు. ఆ వేలలో ప్రతివాడును తన వెనుక వేలమందిని జూపగలడు గదా.

నాలుగవ వాదమును వ్రాయుటకు సిగ్గగుచున్నది. ఈ వయస్సున నీమెను రమ్మన్న దెవరు? మూఢనమ్మకముచే అడవిలో బడి, దారిన బోవువారిని నీరడుగుటయా? ఈమెను పంపిన కొడుకులేరి? ఇట్టివారికి నీరిచ్చుట యిట్టి యాత్రలను బోషించుట కాదా? చదువరులారా, ఈ మాటలను మేము వేదికలమీద అన్నవారము. వానిని నమ్మియే యన్నాము. నేటికిని అందులో గొంత నిజమున్నదనియే తలచుచున్నాము. కాని ముప్పదియేండ్లు మూఢత్వముతో బోరాడుటకు దువ్వి పదునుపెట్టిన వాదము, కావలసివచ్చిన యొక్క నిమిషమున, అరలీటరు నీటిని సంచిలో దాచుకొనుటకు బనికివచ్చెను.

మలుపు దిరుగుచోట నొక్కమాఱు నిలిచితిమి. తిరిగి పోవచ్చును. మూడు వందల గజములుండును. ఎండలో మూడు వందల గజములు వెనుకకును, మరల మూడు వందలు ముందునకును! మా కాళ్లు తీర్పు చెప్పెను; మేము వినినట్లు నటించి ముందునకే సాగితిమి.

భీముని కొలను లోతైన లోయ. రాతిమెట్లు దిగి, అడుగు చేరి, మరల నావలి కొండకు మెట్లెక్కవలెను. ఎక్కిన చివర కైలాసద్వారము. అడుగున శిబిరమువారు పీపాలలో నీరుంచిరి. మేము త్రాగి కూర్చుంటిమి. గంటకు మిత్రుడు కుంటుచు దిగివచ్చి పీపాలో నీరే కడుపునిండ త్రాగెను, సీసా నడుగనేలేదు. దారిలో ఇలకల్లు చీర కట్టిన ముసలమ్మను చెట్టుక్రింద జూచితివా యని యడిగితిమి.

“ఒక్కతెయా? ప్రతి చెట్టుక్రిందను నొకతె యున్నది. ఏమి?” అనెను.

“ఏమియు లేదు” అంటిమి.

ఎక్కుట చీకటిపడు వేళ. మెట్లు కొన్నిచోట్ల మోకాలెత్తున నుండెను. ముందున్నవాడు వెనుకవానికి చేయి యిచ్చుచు, ‘మల్లయ్యా’ యని యొకరు, ‘బసవా’ యని యొకరు కేకలు వేయుచు, జనమంతయు నొక్క త్రాడువలె పైకి బ్రాకుచుండిరి. మాకును ఎవడో చేయి యిచ్చెను. వాని ముఖము చూడలేదు. కైలాసద్వారము నొద్ద నీటితొట్టి యుండెను. చల్లని నీరు చూచి మేము సీసా మూత తీసి, లోపలనున్న వెచ్చని నీటిని నేలపై బాఱబోసి, క్రొత్తనీరు పట్టుకొంటిమి. పాఱబోయునపుడు మా కేమియు దోచలేదు. మిత్రుడు చూచి, “అన్ని నీళ్లుండెనా!” అని యాశ్చర్యపడెను. అప్పుడు దోచెను. నేల యప్పటికే పీల్చివేసెను.

ఆ రాత్రి యచ్చటనే పండుకొంటిమి. చీకటిలో జెప్పుట సులభము గనుక చీకటిలో జెప్పితిమి. అతడు చాలసేపు పలుకలేదు. నిద్రపోయెననుకొంటిమి. తరువాత, “నాకొఱకని దాచితినంటివి గదా. అట్లయిన నందులో సగము నాది” అనెను. వలదంటిమి. “వలదనుటకు నీ వెవడవు? నీరు జాగ్రత్త పెట్టుమన్నది నేను” అని ప్రక్కకు దిరిగి నిజముగనే నిద్రపోయెను. పోయిన పుణ్యపు సగమును గూర్చి యుదయమున బరిహాసమాడిన మాకు, పాపపు సగమును అడిగి పుచ్చుకొనువాని ప్రక్కను పండుకొని కన్ను మూతపడలేదు.

ఆ రాత్రి మాకు దోచిన వానిలో రెండు మాటలు చెప్పుదుము. కష్టము మనుష్యుని మెత్తపఱచుననియు, అందుచే బుణ్యమనియు చెప్పువారున్నారు. మా విషయమున నది యబద్ధము. ఎండయు, దాహమును, బొబ్బలును మమ్ము గట్టిపఱచెను. ఇంటిలో నైనచో పగవాడడిగినను నీరు పోయుదుము. కావున ఒడలి బాధలో బుణ్యమున్నదన్న వాదము నడవిలో మఱింత బలహీనమయ్యెను. ఇందు మా పాత తీర్పు మార్పు లేక నిలుచుచున్నది. కాని రెండవమాట మా తీర్పులో లేనిది. శిబిరమునొద్ద నిచ్చుట తేలిక. బండిపై నీరు వచ్చుచుండును, ఎంత యిచ్చినను దఱుగదు. ప్రతి వేసవిని మేము చలివేంద్రములకు చందా వ్రాయుచుందుము. రసీదులు మాయొద్ద నున్నవి. ఆ నీరు మేము చూడని నీరు, త్రాగువారు మేము చూడనివారు. శిబిరమునకును శిబిరమునకును నడుమ, మన చేతిలో నింతే మిగిలినపుడు, ఎదుట నొక ముఖముండి యడిగినపుడు మే మెవరమో మాకు దెలియదు. తెలియు నవకాశము మాకు ఇన్నేండ్లలో రాలేదు; రాకుండునట్లు బ్రదుకును అమర్చుకొంటిమి. బస్సులో బోయియుండినయెడల ధర్మాత్ములముగనే తిరిగి వచ్చియుందుము.

మఱునాడు హాటకేశ్వరము మీదుగా శ్రీశైలము చేరితిమి. ఈ క్షేత్రమున ధూళిదర్శనమని పూర్వాచారమొకటి కలదు. దారినడచి వచ్చినవాడు, కులమేదైనను, కాళ్లు కడుగకయే, ఆ దుమ్ముతోనే పోయి స్వామిని దాకవచ్చును. మా వంటి సంస్కర్తలు గర్వపడదగిన యాచారము. జనసమ్మర్దము గల యుత్సవదినములలో స్పర్శదర్శనము తఱచుగా నిలిపివేయుదురు గనుక తాకుట మాకు గలుగలేదు. వరుసలో గంటలకొలది నిలిచి, రెప్పపాటు చూచి, ముందునకు ద్రోయబడితిమి. మిత్రుని పాదములు నెత్తురు గడ్డకట్టి, దుమ్ముతో ఎఱ్ఱగా నుండెను. బూట్లు విడిచిన మా పాదములు మాత్రము తెల్లగా, నీటిలో నానినట్లు ముడుతలు పడి యుండెను.

వెలుపలికి వచ్చి మేము ముసలమ్మను వెదకితిమి. ఇలకల్లు చీరలు వందలుండెను. ఎఱ్ఱయంచులు, విభూతిరేఖలు, గోనెగుడ్డ కాళ్లు వందలుండెను. మూడునాలుగు శ్వాసలు చూచిన ముఖము జ్ఞప్తిలో నుండదని యప్పుడు దెలిసెను. మంటపము మెట్లపై నొకతె యామెవలెనే తోచెను. దగ్గఱకు బోయి సీసా చాచితిమి. ఆమె సీసాను, మమ్మును మార్చి మార్చి చూచి, “బేడప్పా” యని, చెంగు సర్దుకొని, తనవారితో మాటలాడసాగెను. ఆమెకు దాహము లేదు. ఆమె యీమెయో, కాదో.

తిరుగుప్రయాణము దోర్నాల మీదుగా బస్సులో జేసితిమి. కిటికీలోనుండి యడవి వేగముగా వెనుకకు బోవుచుండెను. ప్రక్కవాడు నిద్రించుచుండెను. ఎవ్వరును మమ్ము నీరడుగలేదు.

మొన్న మిత్రుడు వచ్చెను. మడమ మానినది, కుమారుడు బడికి బోవుచున్నాడు, మ్రొక్కు తీఱినది. అయినను ఈ యుగాదికి మరల నడచుచున్నాడట. మ్రొక్కు లేదు గదా యని యడిగితిమి. “పోయినసారి కొయ్యకాళ్లవానిని బట్టుకొన్నవారికిని లేదు” అనెను. మమ్మును రమ్మని, ఈమాఱు రెండు సీసాలు తెచ్చుకొమ్మని చెప్పి పోయెను. ఇంకను బదులు చెప్పలేదు. రెండవ సీసాను గూడ ఆ చెట్టుక్రింద సంచిలోనే యుంచుకొందుమేమో యన్న సందేహము మమ్ము విడుచుట లేదు.